ఉప్పు లేని చేప ముక్క

మార్కెట్లో అందరూ ఆమెను చేపలక్క అనేవారు. భర్త కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. ఆయనకు చేప లేనిదే ముద్ద దిగేది కాదు. సాయంత్రం ఆమె గంప దింపీ దింపకముందే "నా వాటా ఏదే?" అంటూ వంగి చూసేవాడు.

ఒక ఏడాది ఆయన కాళ్లు వాచాయి. చెప్పులు పట్టలేదు. పరీక్షలు చేసిన డాక్టరు కిడ్నీలు దెబ్బతిన్నాయని చెప్పి, "ఉప్పు, మాంసం, చేపలు బాగా తగ్గించాలి. ఎండు చేపల జోలికి అసలు పోకూడదు" అన్నాడు.

తగ్గించమన్న మాట చేపలక్క చెవికి మానేయమన్నట్టే వినిపించింది. భయం అలాంటిది. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో చేప ఉడకలేదు. మార్కెట్ నుంచి రాగానే కొళాయి దగ్గర చేతులు నిమ్మచెక్కతో రుద్దుకుని, చీర మార్చుకుని గాని ఆయన గదిలో అడుగుపెట్టేది కాదు.

"ఊరందరికీ చేపలు, కట్టుకున్నవాడికి సొరకాయా?" అని ఆయన నవ్వేవాడు.

"నవ్వు, నవ్వు. నువ్వుంటే చాలు నాకు."

కొన్నాళ్లకు ఆ నవ్వు పోయింది. ఒకసారి బతిమాలాడు. "గోరంత ముక్కే. నాలిక మీద పెట్టుకుని ఉమ్మేస్తా." ఆమె వంటింట్లోకి వెళ్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది గాని, పెట్టలేదు.

మందులతో ఎంత నెట్టుకొచ్చినా చివరికి డయాలసిస్ తప్పలేదు. అక్కడ పథ్యం చెప్పే అమ్మాయి ఆయన పుల్లల్లాంటి చేతులు పట్టి చూసి, "ఏం పెడుతున్నారమ్మా?" అని అడిగింది.

"అన్నం, సొరకాయ. చేప వాసన కూడా తగలనివ్వలేదమ్మా" అంది చేపలక్క కాస్త గర్వంగానే.

ఆ అమ్మాయి ఆయన చేతిని జాగ్రత్తగా కిందికి దించింది. "డయాలసిస్‌కు ముందు కూడా కొంచెం పెట్టాల్సిందమ్మా. ఇప్పుడైతే తినే తీరాలి. డయాలసిస్‌లో ఒంట్లోని మాంసకృత్తులు పోతాయి. తాజా చేప, ఉప్పు లేకుండా పెట్టండి. మనిషి బాగా చిక్కిపోయాడు" అంది మెల్లగా.

"ఎంత పెట్టాలమ్మా?" అని చేపలక్క అప్పుడు అడిగింది.

మర్నాడు అమ్మకానికి పెట్టకముందే మంచి చందువ చేప ఒకటి పక్కకు తీసింది. వెల్లుల్లి, మిరియాలు, కాస్త నిమ్మరసం పట్టించి పెనం మీద కాల్చింది. ముళ్లు తీసి నోటికి అందించింది. ఆయన చాలాసేపు నమిలాడు.

"ఎలా ఉంది?"

"బాగుంది."

"నిజం చెప్పు."

"ఇనుము నాకినట్టుందే. ఏం తిన్నా అంతే ఇప్పుడు. నీ చేతి తప్పు కాదు."

"నా తప్పేనయ్యా. అడిగినప్పుడు గోరంత పెట్టలేకపోయాను."

"నేనెక్కడ పోతానో అని భయపడ్డావు. దానికి తప్పని పేరు పెట్టకు" అని ఇంకో ముక్క కోసం నోరు తెరిచాడు. ఆకలై కాదని ఆమెకు తెలుసు.

ఆ చలికాలమంతా ఆమె కోసమే తిన్నాడు. కాస్త ఓపిక కూడా వచ్చింది. ఒక మధ్యాహ్నం తనంతట తానే లేచి పక్కింటివాళ్ల మిషను విప్పి నూనె వేశాడు. కానీ ఎండలు ముదిరేసరికి గుండె తట్టుకోలేకపోయింది. డయాలసిస్ మంచం మీదే, ఆమె చెయ్యి పట్టుకుని పోయాడు.

చేపలక్క మళ్లీ మార్కెట్‌కు వెళ్లింది. ఇంట్లో కిడ్నీ జబ్బు మనిషి ఉన్నారని ఎవరైనా కొనడానికి తటపటాయిస్తే, కత్తి పక్కన పెడుతుంది.

"పెట్టొచ్చా అని డాక్టర్ని అడిగి వచ్చేయకండి. ఎంత పెట్టొచ్చో కూడా అడగండి" అంటుంది.

ఆ మాట అన్నాక తక్కెడ ముట్టుకోదు. పక్క కొట్టు ఆమె వచ్చి తూకం వేసి ఇస్తుంది.