చేతికివ్వని కత్తి

మా ఇంట్లో కత్తిని ఎవరూ ఎవరి చేతికీ ఇవ్వరు. ఉప్పు, మిరపకాయలు, కత్తి, ఈ మూడూ కింద పెట్టాలి. అవతలివాళ్లు అక్కడినుంచి తీసుకోవాలి. చేతికిస్తే ఇచ్చినవాళ్లకూ తీసుకున్నవాళ్లకూ పోట్లాట తప్పదట. పెళ్లయి ఈ ఇంటికి వచ్చిన కొత్తల్లోనే మా అత్త నాకీ సంగతి చెప్పింది. నేను ఒక్కనాడూ తప్పలేదు. అయినా మేమిద్దరం పోట్లాడుకోని రోజు లేదు. పులుసులో చింతపండు ఎక్కువైందని, సంగటి గట్టిపడలేదని, ఊరిబిండి పచ్చడిలో తెల్లగడ్డ తగ్గిందని ఏదో ఒకటి ఉండేది. కత్తి చేతికివ్వకుండానే ఇట్లుంటే, ఇచ్చి ఉంటే ఇల్లు నిలబడేది కాదని మా ఆయన నవ్వేవాడు.

మా అత్తది కర్నూలు పడమటి పల్లె. కమలాపురం దగ్గర మామగారి ఊరికి కోడలిగా వచ్చి, అక్కడి చేలల్లో వంగి పనిచేసి, మేము కడపలో ఇల్లు కట్టుకున్నాక మాతో వచ్చేసింది. వచ్చేటప్పుడు తెచ్చుకున్న సామాన్లలో ఆమె ఎవరినీ ముట్టుకోనివ్వనిది కత్తిపీట. వేపచెక్క పీట, దానికి బిగించిన వంపు తిరిగిన ఇనుప కత్తి. పొద్దున్నే వంటింట్లో నేల మీద ఆ పీట వేసుకుని, కుడికాలు దాని మీద మోపి, పక్కన నీళ్ల గిన్నె పెట్టుకుని కూర్చునేది. వంకాయను రెండు చేతులతో పట్టుకుని కత్తి మీదికి తోస్తే, తొడిమ దగ్గర విడిపోకుండా నాలుగు చీలికలై నీళ్లలో పడేది. గుత్తివంకాయకు అంత నేర్పుగా కోయడం నాకు ఎన్నడూ రాలేదు. ఆ మాట ఆమెతో అనే అవసరం కూడా నాకు రాలేదు.

తర్వాత ఆమె మోకాళ్లు మొరాయించాయి. కర్నూలులో రెండింటికీ ఆపరేషన్ చేయించాం. నడక చక్కగా వచ్చింది. ఇంటి ముందు వీధి చివరిదాకా పోయి, కూరల బండివాణ్ణి తిట్టి వచ్చేంత ఓపిక కూడా వచ్చింది. కానీ ఇక నేల మీద కూర్చోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. దాంతో కత్తిపీట అటక మీదికి చేరింది, కూరగాయలు కోసే పని నాకు వచ్చింది.

మొదట్లో నేనేమీ గమనించలేదు. ఆమె భోజనాల బల్ల దగ్గర కుర్చీలో కూర్చుని నన్ను చూస్తూ ఉండేది. ఒకరోజు పులుసులోకి చింతపండు నానబెడుతూ, "ఇంత చాలునా అత్తా?" అని అడిగాను. అది అడగడం కాదు, గిల్లడం. అలా గిల్లితే ఆమె లేచి వస్తుందని నాకు తెలుసు.

"నీ ఇష్టంమ్మా" అంది.

ఇన్నేళ్లలో ఆమె నోట ఆ మాట విన్నది లేదు. ఆ వారమంతా అదే. చారులో పోపు ఏమి వేయాలన్నా నీ ఇష్టం, పండక్కి ఏ చీర కట్టుకుంటావన్నా నీ ఇష్టం. అన్నం కూడా పిల్లిలాగా రోంత ముట్టి లేచిపోయేది. ఒక సాయంత్రం మా ఆయనతో, "ఈడ కూచ్చోని తినేదానికి తప్ప ఇంగ దేనికీ పనికిరానప్పా నేను" అంటూంటే వంటింట్లోంచి విన్నాను. పోట్లాడే అత్తతో ఎలా బతకాలో నాకు బాగా తెలుసు. పోట్లాడని అత్తను చూస్తే భయమేసింది. ఈమెను మళ్లీ కూరగాయల ముందు కూర్చోబెట్టాలి, లేకపోతే మనిషి దక్కదు అనుకున్నాను.

పొయ్యిగట్టు దగ్గర ఎత్తైన స్టూలు వేస్తే ఆమె హాయిగా కూర్చోగలదు. కావలసింది కత్తి. మా ఇంట్లో ఉన్న కత్తి పాల ప్యాకెట్లు కోయడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. అందుకని ఫోనులో బొమ్మ చూసి ఒక సెట్టు తెప్పించాను. చెక్క దిమ్మెలో గుచ్చిన కత్తులు భలే అందంగా ఉన్నాయి. వాటిలో పొడుగ్గా, రంపంలా పళ్లున్నది ఒకటి బ్రెడ్డు కోయడానికట. మేము రొట్టె అంటే జొన్నరొట్టె, చేత్తో తుంచుకుంటాం. పెద్ద కత్తి రేకులాగా పల్చగా ఉండి, గుమ్మడికాయలో దిగగానే పక్కకు వంగింది. మిగతావాటికి ఏ పని అప్పజెప్పాలో నాకే తెలియలేదు.

మా ఆయన తనవంతుగా తాడు లాగితే ముక్కలు చేసే ప్లాస్టిక్ డబ్బా ఒకటి తెచ్చాడు. ఉగ్గాని కోసమని అందులో ఉల్లిపాయలు వేసి లాగితే, అవి నీళ్లు కారి గుజ్జయిపోయాయి. ఆ రోజు బొరుగులు ముద్దై కూర్చున్నాయి. మామూలుగా అయితే ఆమె కొడుకును, "ఏమప్పా, ఆయిల్ ఇంజను స్టార్టు చేస్తాండావా?" అని ఏడిపించి ఉండేది. ఈసారి ఊరికే చూసి తలతిప్పుకుంది.

అయినా నా మాట కాదనలేక ఒక పొద్దున ఆ సెట్టులోంచి ఒక కత్తి తీసుకుంది. నేను పొయ్యి మీద పాలు చూసుకుంటున్నాను. వెనక్కి తిరిగేసరికి, ఆమె కత్తి మొనను కడప బండ మీద ఆనించి, పిడిని కుడి పిడికిట్లో నిటారుగా పట్టుకుని, పదునును తన వైపు తిప్పుకుని, ఎడమ చేత్తో ఉల్లిపాయను దాని మీదికి తోస్తోంది. కత్తిని కత్తిపీట చేసింది! పైగా నేను కింద చెక్క పలక లేకుండా గట్టు బండ మీదే కోసి కోసి దాని పదునంతా పోగొట్టాను. మొద్దుబారిన కత్తి ఉల్లిపొర మీద జారి ఆమె బొటనవేలి పక్కన దిగింది. రక్తం చూసి నేను కేకలు పెట్టాను. ఆమె కేకలు పెట్టలేదు.

"నా చేత కాదులేమ్మా. ఇంగ నువ్వే కోసుకో" అని వేలికి గుడ్డ చుట్టుకుని కుర్చీలోకి పోయింది.

నాకు ఆ కత్తి మీద, ఆ సెట్టు మీద, నా మీద, అందరి మీదా కోపం వచ్చింది. మరుసటి రోజే బజారులో స్టీలు సామాన్ల అంగడికి పోయాను. ఏది వద్దో అప్పటికి బాగా తెలిసింది కాబట్టి ఏది కావాలో తేల్చుకోవడం కష్టం కాలేదు. వంచితే వంగకూడదు. కత్తి రేకు పిడి చివరిదాకా పోయి, మేకులతో బిగించి ఉండాలి. బొటనవేలితోనూ చూపుడువేలితోనూ రేకు మొదట్లో పట్టుకుంటే, ముందుకూ వెనక్కూ తూగకుండా చేతిలో కుదురుగా నిలవాలి. రేకు వెడల్పు ఉండాలి, లేకపోతే వేళ్ల గణుపులు పలకకు కొట్టుకుంటాయి. మా అత్తకూ నాకూ గాజుల సైజు ఒకటే. కాబట్టి నా చేతికి కుదిరింది ఆమె చేతికీ కుదురుతుంది.

"ఏమ్మా, శానా సేపట్నుంచి కత్తులు తిప్పుతాండావు, ఇంట్లో అందరూ క్షేమమే కదా?" అన్నాడు అంగడాయన.

"ఇంకా క్షేమమేలే అన్నా" అని చెప్పి, చేతికి బాగా కుదిరినది ఒకటి, వంకాయలకని చిన్నది ఒకటి తీసుకున్నాను. వడ్రంగి దగ్గర వేపచెక్క పలక చేయించి, జారకుండా దాని కింద తడిగుడ్డ పరిచాను.

ఆమె వాటి వంక చూడను కూడా లేదు. నేను ఫోనులో వీడియో పెట్టి, ఎడమ చేతి వేళ్లు లోపలికి ముడుచుకోవడం, గణుపులకు కత్తిని ఆనించి నడపడం ఆమెకు చూపించాను. అందులోని మనిషి కళ్లు మూసి తెరిచేలోగా క్యారెట్టు ముగించాడు. "బాగుండాది" అందామె, గోడకు చెప్పినట్టు. అంతే, నా ఓపిక అయిపోయింది.

"నువ్వు కొర్రచేను కోయలేదా అత్తా? కొడవలి ఏ చేత్తో పట్టినావు?"

ఉలిక్కిపడి చూసింది. "కుడి చేత్తో."

"ఎడమ చేతిలో ఏముండేది?"

"పిడికెడు కంకులు."

"మరి కత్తి నడిపే చెయ్యి నీకు లేదని ఎవరు చెప్పినారు? చేనంతా కోసినదానివి, వంకాయకు భయపడతాండావా?"

ఆమె ఒళ్లో ఉన్న రెండు చేతులనూ చూసుకుంటూ కూర్చుంది. నీ ఇష్టం అని మాత్రం అనలేదు.

మరుసటి పొద్దున నేను పూజ ముగించి వచ్చేసరికి స్టూలు మీద ఉంది. ముందు గోరుచిక్కుడు కుప్ప. పిడికెడు తీసుకుని, చివరలు సమంగా వచ్చేట్టు పలక మీద తట్టి, కంకులు పట్టినట్టు ఎడమ చేత్తో గుప్పిట బిగించింది. వేళ్లు వాటంతట అవే లోపలికి ముడుచుకున్నాయి. కుడి చేత్తో కత్తిని తన వైపు లాగుతూ కోసింది. మొదటి ముక్కలు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. తర్వాతి పిడికెడు కొంచెం నయం. నేను తలుపు దగ్గరే నిలబడ్డాను. నాకు ఏడుపొచ్చింది, ముక్కు ఎగబీల్చుకుంటే వింటుందని అట్నుంచి అటే పెరట్లోకి పోయాను.

కాసేపటికి ఆమే పెరట్లోకి వచ్చింది, చేతిలో కత్తితో. "దీనికి పదును లేదు" అంటూ, బట్టలుతికే గరుకు బండ మీద నీళ్లు చల్లి, కొడవలి నూరినట్టు అటూ ఇటూ నూరడం మొదలుపెట్టింది. కొత్త కత్తి!

"గీతలు పడతాండాయి అత్తా!"

"గీతలు చూసుకుంటా అన్నం తింటావా?"

ఎన్నాళ్లకు విన్నాను ఆ గొంతు! గీతలు పడితే పడనీ అనుకున్నాను. లోపలికి వచ్చి టమోటా మీద పెడితే కత్తి తన బరువుకు తనే దిగింది.

ఆ తర్వాత ఒక్కొక్కటిగా కుదిరాయి. ఉల్లిపాయను సగానికి కోసి చదునుగా బోర్లిస్తే దొర్లదని ఆమె కనిపెట్టింది. కోసిన వెంటనే కత్తిని కడిగి తుడవకుండా తొట్టిలో పడేస్తే తిట్లు నాకే. చిన్న కత్తితో వంకాయలు చీల్చడం చివరికి వచ్చింది. మొదటిసారి రెండు విడిపోయాయి. వాటిని నా పళ్లెంలో వేసి, మంచివి తన కొడుక్కి వేసింది.

మొన్న ఆదివారం సొరకాయ పులుసు. నేను పెద్ద కత్తి కడిగి, తుడిచి, ఎప్పటిలాగే ఆమె ముందు గట్టు మీద పెట్టబోయాను. ఆమె చెయ్యి చాపింది.

"చేతికే ఇయ్యి."

"కొట్లాట వస్తాది అత్తా."

"రానీలే" అంది, చాపిన చెయ్యి తీయకుండా.

పిడి ఆమె వైపు తిప్పి ఇచ్చాను. తీసుకుని సొరకాయను ముందుకు లాక్కుంది. నేను చింతపండు పులుసు పోస్తూంటే స్టూలు మీదనుంచే మెడ చాపి గిన్నెలోకి చూసింది.

"అంత పులుపు ఎవరు తింటారే? యాడ నేర్చుకున్నావు ఈ వంట?"

"ఈడనే, నీ దగ్గరనే!" అన్నాను నేనూ గొంతు పెంచి.

మా ఆయన పేపరు పక్కన పెట్టి వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. మధ్యాహ్నం అన్నాలయ్యేదాకా మేమిద్దరం ఆపలేదు. అంత సంతోషంగా నేను ఎన్నడూ పోట్లాడలేదు.