చైను అని రాసిన ఇంజను

లాక్‌డౌన్లు ముగిసిన మరుసటి ఏడాది ఫిబ్రవరిలో, ఫిల్మ్‌నగర్‌లోని ఒక నిర్మాణ సంస్థ నాకు పాత జీపు ఒకటి అప్పగించింది. అప్పటికి నేను ఆర్ట్ విభాగంలో వాహనాల ఇన్‌చార్జిని. ఆర్ట్ డైరెక్టరుకు కింద, మెకానిక్కులకు పైన ఉండే ఉద్యోగం. కథ ఏ కాలానిదైతే ఆ కాలపు బండ్లు తెచ్చి కెమెరా ముందు నిలబెట్టాలి. చాలాసార్లు నిలబెడితే సరిపోతుంది. బండి కదలాలంటే లైట్‌బాయ్‌లు వెనక నుంచి నెడతారు, చప్పుడు డబ్బింగులో కలుపుతారు. ఈ చిత్రానికి మాత్రం శబ్దమంతా షూటింగులోనే రికార్డు చేస్తామన్నారు. పైగా బానెట్ ఎత్తి, నడుస్తున్న ఇంజనును దగ్గరగా చూపించే షాటు ఒకటి ఉంది.

జీపు వెంగళరావు నగర్‌లో ఉండే రాజ్యలక్ష్మిగారిది. కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరయ్యారు. భర్త పోయినప్పటి నుంచి పదకొండేళ్లుగా బండి షెడ్డు దాటలేదు.

"మీ సినిమావాళ్లు ఇంజను తీసేసి డీజిలుది పెడతారటగా. అలాగైతే ఇవ్వనండీ. విప్పితే దాన్నే మళ్లీ నడిపించి ఇవ్వాలి," అన్నారు.

సరేనని మాటిచ్చాను. కాల్‌షీట్ల ప్రకారం తొమ్మిది రోజుల టైముంది. ఆలోపు కాకపోతే బానెట్ షాటు ఎత్తేసి, డీజిల్ ఇంజనున్న వేరే జీపుతో పని కానిచ్చేస్తానని ప్రొడక్షన్ మేనేజరు ముందే చెప్పాడు. అదే జరిగితే ఆవిడ బండి ముక్కలుగా ఇంటికి తిరిగి వెళ్తుంది. నా మాట పోతుంది.

అది ఫ్లాట్‌హెడ్ ఇంజను. ఇప్పటి ఇంజన్లలో వాల్వులు సిలిండర్ల నెత్తిన ఉంటాయి. ఇందులో పక్కన, బ్లాకులోనే ఉంటాయి. పైన ఉండే హెడ్ ఒక బల్లపరుపు మూత, అంతే. యుద్ధకాలంలో మొదటి రకం, ఆ తర్వాత ఇంకో రకం తయారైనా, ఒకదాని పిస్టన్లు, వాల్వులు, గాస్కెట్లు ఇంకోదానికి ఇట్టే సరిపోతాయి. తేడా కొన్నిచోట్లే. వాల్వులను ఎత్తే క్యామ్‌షాఫ్టును మొదటి రకంలో చైను తిప్పుతుంది, తర్వాతి రకంలో గేర్లు తిప్పుతాయి. చైను ఉంటే పిస్టన్లు తిప్పే క్రాంకు, క్యామ్ ఒకే వైపు తిరుగుతాయి. గేర్లుంటే ఎదురెదురుగా తిరుగుతాయి. అందువల్ల ఆయిల్ పంపును నడిపే గేరు పళ్ల వాలు కూడా రెండు రకాల్లో వేరు.

వాటర్ పంపు దగ్గర బ్లాకు మీదున్న నంబరు తుడిచి చూశాను. మొదటి రకం. "చైను ఇంజను" అని కాగితం మీద పెద్దక్షరాలతో రాసి, కింద సంతకం పెట్టి, ఇంజను దింపి పెట్టిన స్టాండుకు అంటించాను. ముప్పై రెండేళ్ల సర్వీసు కదా, నాకు పెద్దరికం కాస్త ఎక్కువే.

సిలిండర్లు బాగానే ఉన్నాయి. రింగులు, బేరింగులు, వాల్వులు చూసుకుంటే చాలనుకుని, చైను మీద ఉండే ముందువైపు కవరు విప్పలేదు. టోలిచౌకిలో పాత విడిభాగాలమ్మే ఖాదర్‌కు అరిగిన ఆయిల్ పంపు ఇచ్చేసి, చైను రకానికి పనికొచ్చే మంచి పంపు తెచ్చాను. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలని కూడా తోచలేదు. ఆ తర్వాత రెండు రోజులు లొకేషను పని మీద వికారాబాద్ వైపు వెళ్లాను. ఆ రెండు రోజుల్లో నర్సింహ ఇంజను అడుగున ఉండే ఆయిల్ చాంబర్ విప్పి బేరింగులు మార్చాడు. నర్సింహ నా దగ్గర పదిహేనేళ్లుగా పనిచేస్తున్న మెకానిక్.

ఏడో రోజు పంపు బిగించబోతే అరంగుళం మిగిలి ఆగిపోయింది. ఎటు తిప్పినా లోపలికి దిగదు. అవతల మేనేజరు ఫోన్ల మీద ఫోన్లు. బోల్టులు బిగిస్తే అదే కూర్చుంటుందిలే అని స్పానరు అందుకున్నాను. నర్సింహ నా చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దు సార్, పండ్లు ఇరుగుతయ్. లోపల చైన్ లేదు. గేర్లే ఉన్నయ్."

నీకెలా తెలుసని అడిగాను.

"చాంబర్ ఇప్పినప్పుడే కిందికెల్లి చూసిన సార్."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"మీరు చైన్ అని రాసి సంతకం పెట్టిండ్రు. దాని మీద నేనేం మాట్లాడ్త సార్?"

నాకు సిగ్గేసింది. ముందు కవరు విప్పాం. గేర్లే. ఎవరో ఎప్పుడో క్యామ్‌షాఫ్టుతో సహా తర్వాతి రకం సామాను వేశారు. మరి దానికి తగిన పంపును నేనే చేతులారా ఖాదర్‌కు ఇచ్చి వచ్చాను.

ఇద్దరం బంజారా హిల్స్ మీదుగా టోలిచౌకి చేరేసరికి ఖాదర్ పాత ఇనుమంతా కరిగించడానికి పంపిస్తూ గోనెసంచులు కట్టిస్తున్నాడు. "ఇచ్చిన మాల్ వాపస్ అడుగుతున్నరేంది సార్?" అని నవ్వాడు. మూడో సంచిలో పంపు దొరికింది. ప్రాణం లేచొచ్చింది. లోపల అరిగినా, దాన్ని నడిపే గేరు గట్టిగానే ఉంది. నర్సింహ ఆ గేరు ఊడదీసి, కొత్తగా తెచ్చిన పంపు షాఫ్టుకు పిన్ను కొట్టి బిగించాడు. ఈసారి చేత్తో నెడితేనే పంపు కూర్చుంది.

తొమ్మిదో రోజు పొద్దున రాజ్యలక్ష్మిగారు మా షెడ్డుకు వచ్చారు. స్టార్టరు ఆవిడనే నొక్కమన్నాం. మూడోసారికి ఇంజను అందుకుంది. ఆయిల్ ప్రెషర్ ముల్లు లేచి నిలబడింది. ఆవిడ బానెట్ మీద చెయ్యి వేసి, "ఇదేనండీ, ఈ చప్పుడే," అన్నారు. పని ఎవరు చేశారని అడిగితే నర్సింహను చూపించాను. మధ్యాహ్నానికి షాటు అయిపోయింది.

నంబరు చూసి బ్లాకు ఎప్పటిదో చెప్పవచ్చు, లోపల ఏముందో చెప్పలేం. ఈ సంగతి నాకు ఉద్యోగంలో చేరిన కొత్తలోనే నేర్పారు. అంతవరకు ఎవరూ నేర్పనిది ఒకటుంది. పదిహేనేళ్లు నా పక్కన పనిచేసిన మనిషి కళ్లారా చూసింది కూడా నాకు చెప్పడానికి జంకాడంటే, అతన్ని అలా తయారుచేసింది నేనే. ఆ తర్వాత మిగిలిన ఏడాది సర్వీసులో, ఇంజను విప్పినవాడు ఏం చూశాడో చెప్పేదాకా నా అభిప్రాయం ఎవరికీ చెప్పలేదు.