బైబిలు కవరులో దాచిన మాత్రలు

ఈ ఉదయం ప్రొద్దుటూరు మందిరంలో కూడివచ్చిన సహోదరులారా, సహోదరీలారా, రెండేళ్ల క్రితం నేనెలా ఉండేదాన్నో చెప్పడానికి సిగ్గుగానే ఉంది, అయినా చెప్పాలి. అప్పట్లో నిద్ర లేస్తే నా చేయి మొదట వెతికేది నొప్పి మాత్రలనే. రెండు మింగితే మంచం దిగేదాన్ని, ఇంకో రెండు మింగితే బాస్కెట్‌బాల్ కోర్టులోకి దిగేదాన్ని, మ్యాచ్ ఉన్న రోజు ఎన్ని మింగానో నాకే తెలిసేది కాదు!

నా పేరు ఎస్తేరు, మాది జమ్మలమడుగు. నా ఆరడుగుల పొడవు చూసి బడిలో అందరూ నవ్వేవాళ్లు, మా అన్న దానియేలు ఒక్కడే నవ్వకుండా నా చేతిలో బాస్కెట్‌బాల్ పెట్టాడు. నిజానికి మా ఇంట్లో అసలు ఆటగాడు అన్నే, జిల్లా జట్టుకు ఎంపికైనవాడు! కానీ మా నాయన చనిపోయిన నెలకే చదువూ ఆటా రెండూ వదిలేసి ఎర్రగుంట్ల దగ్గర నాపరాళ్ల ఫ్యాక్టరీలో పాలిష్ మిషన్ దగ్గర నిలబడ్డాడు. నన్ను మాత్రం మానేయనివ్వలేదు. షిఫ్టు దిగి, తలనిండా రాతి దుమ్ముతోనే గ్రౌండుకొచ్చి, నేను విసిరిన బంతులన్నీ ఏరి ఏరి అందించేవాడు. అలా నేను రాష్ట్ర జట్టులోకి, అక్కడి నుంచి చెన్నైలో జీతమిచ్చి ఆడించే జట్టులోకి వెళ్లాను, దేవునికి స్తోత్రం!

అయితే పేరు వచ్చేసరికి నాకు కళ్లు నెత్తికెక్కాయి. పులివెందులలో నాకు సన్మానం చేసి, మైకు చేతికిచ్చి, మీ విజయానికి కారణం ఎవరమ్మా అని అడిగితే, పక్కన చెన్నై స్నేహితురాళ్లు ఉన్నారని, రాళ్ల ఫ్యాక్టరీ మాటెత్తడానికి నామోషీపడి, "ఎవరి సాయమూ లేదు, అంతా నా కష్టమే" అన్నాను. అన్న పని నుంచి నేరుగా వచ్చి, చొక్కా కూడా మార్చుకోకుండా, జనంలో నిలబడి ఉన్నాడు. ఆ మాట విని కూడా చప్పట్లు కొట్టి, నన్ను కలవకుండానే బస్సెక్కి వెళ్లిపోయాడు.

కొన్ని నెలలకే నా మోకాలిలో లిగమెంటు తెగింది. చెబితే నా చోటు ఇంకొకరికి పోతుందని దాచాను. ఒక మందుల షాపులో ఇవ్వకపోతే ఇంకో షాపులో అబద్ధమాడి, మత్తునిచ్చి అలవాటైపోయే నొప్పి మాత్రలు కొన్నాను. చివరికి ఒక మ్యాచ్‌లో బంతి చేతిలో ఉండగానే కళ్లు తిరిగి పడిపోయాను, ఆరోగ్యం బాగయ్యాకే రమ్మని జట్టువాళ్లు ఇంటికి పంపేశారు.

ఇంటికొచ్చినా మానలేదు, సహోదరులారా! మాత్రలను నా బైబిలు జిప్పు కవరులో దాచాను, అక్కడైతే ఎవరికీ అనుమానం రాదని! ఒక ఆదివారం సాయంత్రం కుటుంబ ప్రార్థనలో, నా బైబిలులో అక్షరాలు పెద్దవని అమ్మ దాన్నే తెరిచింది. మాత్రల అట్టలు ఆమె ఒళ్లో రాలాయి.

"ఏంది మ్మే ఇవి? ఇన్ని మాత్రలు నీకెందుకు?" అంది అమ్మ.

అన్న అరుస్తాడని తల దించుకున్నాను. అన్న ఆ అట్టలు పక్కన పెట్టి, మోకాళ్లూని ప్రార్థన మొదలుపెట్టాడు: "తండ్రీ, నేను ఆడాల్సిన ఆట కూడా ఈ పాపే ఆడతాండాది. శానా బరువు మోస్తాండాది. యాడ నొప్పిగా ఉంది పాపా అని నేనొక్కసారి కూడా అడగలేదు, నన్ను క్షమించు నాయనా. అది గెలవకపోయినా పర్వాలేదు, మా పాపను మాకియ్యి."

తప్పు చేసింది నేనైతే, క్షమించమని వేడుకున్నది మా అన్న! నేను నేలమీద పడి ఏడ్చాను. మోకాలి సంగతి, షాపుల్లో ఆడిన అబద్ధాలు, అన్నీ చెప్పేశాను. "పులివెందులలో నిన్ను లేనోణ్ణి చేసినా అన్నా" అన్నాను.

"ఇనబడింది లే మ్మే. బస్సులో ఏడ్చినాను కూడా. అయినా నువ్వు నా చెల్లెలివి కాకుండా పోతావా?" అన్నాడు.

మరుసటి రోజే ప్రొద్దుటూరులో డాక్టరమ్మకు చూపించాడు. ఆమె చెప్పినట్టు మాత్రలు తగ్గిస్తూ వస్తుంటే ఒళ్లంతా వణుకు, చెమట, వాంతులు! అన్న సెలవు పెట్టి నా మంచం పక్కనే కూర్చున్నాడు. "ప్రభువా, ఈ ఒక్క గంట గడిపించు" అన్నదే నా ప్రార్థన, గంట గడిస్తే మళ్లీ అదే ప్రార్థన. పన్నెండో రోజు పొద్దున నాకు ఆకలేసింది. "అమ్మా, బొరుగులు నానబెట్టి ఉగ్గాని చెయ్" అన్నాను. అమ్మ వంటింట్లోకి పోతూనే బిగ్గరగా స్తోత్రాలు చెప్పింది!

కోచ్‌కు నిజం చెప్పాను. ఆపరేషన్ జరిగింది, దాదాపు ఏడాది తర్వాత జట్టు నన్ను మళ్లీ తీసుకుంది. మునుపటిలా పరుగెత్తలేను. మొన్నటి మ్యాచ్‌లో ఆరు నిమిషాలే ఆడాను, ఒక్క బాస్కెట్టూ పడలేదు, అయినా మాత్ర లేకుండా ఆడి బెంచీ మీద కూర్చుంటే ప్రాణం హాయిగా ఉంది!

సహోదరీ, సహోదరుడా, నీలో నువ్వే నలిగిపోతున్నది ఏదైనా ఉంటే ఈరోజే నీవాళ్లకు చెప్పు, వాళ్లతో కలిసి ప్రభువు ముందు మోకరించు. నన్ను తోసివేయనివాడు నిన్నూ తోసివేయడు. మా అన్న ఇక్కడే, ఆ కిటికీ దగ్గర కూర్చున్నాడు, పక్కన నాకు చోటు ఉంచాడు. నేను వెళ్లి కూర్చుంటాను. దేవునికే మహిమ!