ఒమాహాతల్లి

నా చిన్నప్పుడు, బందరు కాలవలో ఇంకా సరుకు పడవలు తిరుగుతున్న రోజుల్లో, మా తాతయ్యకు ఏటా క్రిస్మస్ ముందు అమెరికా నుంచి ఒక కార్డు వచ్చేది. తాతయ్య మిషన్ బడిలో పంతులుగా చేసి రిటైరయ్యాడు. ఒకప్పుడు అక్కడే పాఠాలు చెప్పి, తన దేశం వెళ్ళిపోయిన దొరసాని ఎవరో పంపేది. కవరు మీద గుండ్రటి పోస్టు ముద్రలో ‘ఒమాహా’ అని ఉండేది. ఆ మూడక్షరాలూ మెల్లగా పైకి అనుకుంటే నీళ్ళ మీద గాలి వీచినట్టుండేది. అది అక్కడి ఒక జాతివాళ్ళ పేరని తాతయ్య ఎప్పుడో అనగా విన్నాను.

ఆరో తరగతిలో ఆ కవరు బడికి పట్టుకెళ్ళాను. సోషల్ మేష్టారు చూసి, ఒమాహా అంటే ఏమిటో చెప్పమన్నారు. క్లాసులో ఎన్నడూ నోరు విప్పనిదాన్ని, ఆ రోజు లేచి నిలబడ్డాను.

“మనుషులండీ.”

“ఊరమ్మా అది. ఊరిని పట్టుకుని మనుషులంటావేంటి?”

క్లాసంతా నవ్వింది. ఇంటర్వెల్లో ముందు బెంచీ పిల్ల నా దగ్గరికొచ్చి, “ఏమే ఒమాహాతల్లీ, అక్కడ మనుషుల మీద ఇళ్ళు కడతారంటగా?” అంది. సాయంత్రానికల్లా ఆ పేరు నాకు అంటుకుపోయింది.

క్రిస్మస్ నాడు చర్చిలో వాక్యం చదవాల్సింది నేనే. చదవనని ఇంట్లో చెప్పేశాను. ఇక జన్మలో నలుగురి ముందూ మాట్లాడకూడదనుకున్నాను. తాతయ్య బతిమాలలేదు. మర్నాడు పొద్దున్నే కాలవ గట్టుకు తీసుకెళ్ళాడు.

మంచులో నీళ్ళేవో గట్టేదో తెలియడం లేదు. బందరు వైపు పోయే పడవ ఒకటి వాలుకు దానంతటదే జారిపోయింది. అందులో మనిషి బీడీ కాల్చుకుంటూ కూర్చున్నాడు. కాసేపటికి అటునుంచి ఇద్దరు మనుషులు, భుజాలకు తాడు వేసుకుని, ముందుకు వంగి గట్టు వెంట నడిచి వచ్చారు. వాళ్ళు మమ్మల్ని దాటాక గాని, వెనక బెజవాడ వెళ్ళే ధాన్యం పడవ మంచులోంచి బయటపడలేదు.

“వీళ్ళనేమంటావు?” అన్నాడు తాతయ్య.

“ఏటికి ఎదురెళ్ళేవాళ్ళు.”

“ఒమాహా అంటే అదేనే అమ్మడూ.”

ఎప్పుడో ఒక పెద్ద నది దగ్గర ఒకే జనం రెండుగా విడిపోయారట. కొందరు వాలుకు వెళ్ళారు. ఎదురు వెళ్ళినవాళ్ళకు ఆ పేరొచ్చింది. తరవాత్తరవాత ఊరు కట్టినవాళ్ళు ఆ పేరే పెట్టుకున్నారు. “మీ మేష్టారిదీ తప్పు కాదు, ఊరుంది. ఊరికి ముందు ఆ మనుషులున్నారు. ఇప్పటికీ ఉన్నారు,” అన్నాడు.

సోమవారం ముందు బెంచీ పిల్ల మళ్ళీ “ఒమాహాతల్లీ” అంది. “ఊఁ” అన్నాను. ఆ పిల్ల అటు తిరిగింది. “పలికిందే,” అంది పక్కపిల్లతో.

క్రిస్మస్ నాడు వాక్యం మొదటి లైను ఎవరికీ వినపడి ఉండదు. అక్కడే ఆగాను. తలెత్తితే, మూడో వరసలో కూర్చున్న తాతయ్య కుడి భుజం కొంచెం ముందుకు వంచాడు, తాడు లాగుతున్నట్టు. రెండో లైను చదివాను.

ఆ కవరు ఇప్పుడు నా డైరీలో ఉంది. నలుగురిలో లేచి మాట్లాడవలసి వస్తే ఈనాటికీ నా కుడి భుజం ముందుకు వంగుతుంది. చూసినవాళ్ళు సిగ్గనుకుంటారు.