కాయితం మీద రాసియ్యి

మా పున్నారావు బాబాయ్‌కి నోటిమాట పనికిరాదు. ఎవరు ఏది కాదన్నా, లేదన్నా, జేబులోంచి తెల్లకాగితం తీసి, "అదే ముక్క కాయితం మీద రాసియ్యి" అంటాడు. నరసరావుపేట కోర్టులో ముప్పై ఏళ్ళు గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగం వదిలింది గానీ ఆ జబ్బు వదల్లేదు.

హోటల్లో "ఇడ్లీ అయిపోయింది బాబాయ్" అంటే, "రాసియ్యి." కండక్టరు "ఈ బస్సు కారంపూడి పోదు" అంటే, "రాసియ్యి." ఒకసారి పిన్ని, షుగరుంది గనక రెండో కాఫీ ఇవ్వనంటే ఆమెకీ కాగితం చాపాడు. పిన్ని రాసిచ్చింది! దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, ఆ కాఫీ తాగడానికి పక్కింటికి, అంటే మా ఇంటికి, వచ్చాడు.

మా అమ్మ ఖాతూన్ బీ నలభై ఏళ్ళు మిషను కుట్టింది. పోయినేడు పక్షవాతం వచ్చి చక్రాల కుర్చీకి చేరింది. అయినా మా అమ్మాయి ఆయేషా పెళ్ళిబట్ట తనే ఎంచాలని పట్టు. "ఫోన్లో చూస్తే ఏం తెలుస్తది? చేత్తో తడమాల" అంది. సోమవారం కొత్త ఏసీ షోరూముకి పోతున్నామని ముందురోజే వీధంతా చాటింది.

తీరా వెళితే, గుమ్మంలోనే మేనేజరు ఆపాడు. "కుర్చీ లోపలికి రాకూడదండీ, టైల్స్ గీరుకుపోతయ్. పెద్దమ్మ బయటుంటది, మీరు చూసి రండి." పైన బోర్డు కూడా చూపించాడు: ప్రవేశ హక్కు యాజమాన్యానిది.

నాకు ఒళ్ళు మండిపోయింది. అమ్మ తల దించుకుని, "పోదాం పద బేటా" అంది. ఊళ్ళో సగం మందికి పెళ్ళిబట్టలు కుట్టిన మనిషి!

"ఆగు వదినా!" ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడో, బాబాయ్. చేతిలో కాగితం. "ఏందయ్యా, ఎందుకు రానీవో రాసియ్యి."

"కొట్టు మాది, మా ఇష్టమండీ."

"కొట్టు నీదే. తాగొచ్చి గొడవ చేసేవాణ్ణి గెంటెయ్, నేనూ ఓ చెయ్యేస్తా. కులమనీ మతమనీ ఆపితే రాజ్యాంగం ఒప్పుకోదు. నడవలేరని ఆపితే వికలాంగుల చట్టం ఒప్పుకోదు. నీ బోర్డు చట్టానికంటే పెద్దదా? అయినా నాకెందుకు, నువ్వన్న ముక్కే రాసి సంతకం పెట్టు."

మేనేజరు రోషంగా పెన్ను తీశాడు. "నడవలేని పెద్దమ్మను, మా టైల్స్ గీరుకుపోతాయని..." దాకా రాసి ఆగాడు. రాసింది తనే ఒకసారి చదువుకున్నాడు. మొహం ఎర్రబడింది. కాగితం నలిపి జేబులో కుక్కుకుని, మెట్ల మీద కుర్చీకి ఓ పక్క తనే పట్టాడు.

ఇక అమ్మ ఊరుకుంటుందా? గంటన్నర తడిమింది. బీరువాలన్నీ ఖాళీ చేయించింది. "ఇది పట్టంటావేంది నాయనా? సగం నైలానే!" అని మేనేజరుకే పాఠం చెప్పింది. చివరికి లేత ఆకుపచ్చ బట్ట చెంపకి ఆనించుకుని, "ఇదీ నా మనవరాలికి" అని నవ్వింది. ఏడాది తర్వాత చూశాను ఆ నవ్వు.

బయటికొస్తుంటే సెక్యూరిటీ అతను నన్ను ఆపాడు. "ఆ పెద్దాయన పొద్దున షట్టరు తియ్యకముందే వచ్చి కూర్చున్నాడన్నా. ఏం కావాలంటే, 'మా వదిన వస్తది, నీ బోర్డు చూస్తే నాకు చానా అనుమానంగా ఉంది' అన్నాడు."

నేరుగా బాబాయ్ దగ్గరికి పోయాను. "బాబాయ్, నీ మేలు చచ్చినా మర్చిపోను" అన్నాను.

ఆయన తాపీగా జేబులోంచి ఇంకో తెల్లకాగితం తీశాడు. "రాసియ్యి."

ఇదిగో బాబాయ్, రాసిచ్చాను. ఇట్లు, ఆసిఫ్, మెకానిక్. సాక్షి సంతకం మా అమ్మది.