బుగ్గ మీద టేపు ముక్క

మా వార్డులో ఆమెను అందరూ పుట్టీ అక్క అంటారు. ఇరవై రెండేళ్లుగా పసిపిల్లల ఊపిరితిత్తుల్లో గాలి ఎంత పడుతుందో కొలవడమే ఆమె పని. నేను నర్సుని, పదేళ్లుగా ఆమె పక్కనే నిలబడుతున్నాను. అంత పిరికిమనిషిని ఇంకెక్కడా చూడలేదు. లిఫ్టంటే భయం, ఫోను మోగితే భయం, బల్లి సంగతి చెప్పనే అక్కర్లేదు. అన్నిటికంటే పెద్ద భయం, కొలిచేటప్పుడు బిడ్డ నిద్ర లేస్తుందేమోనని. లేచి ఏడిస్తే ఆ పూట పని మట్టిలో కలిసినట్టే. వందలమంది పిల్లలు ఆమె చేతుల మీదుగా వెళ్లారు గానీ, కళ్లు తెరిచిన బిడ్డను ఆమె తీరిగ్గా చూసిందే లేదు.

ఊపిరి వదిలాక కూడా లోపల కొంత గాలి మిగిలే ఉంటుంది. అదెంతో తెలియాలి. చిన్న సంచిలో ఆక్సిజన్‌తో పాటు కొలిచిన హీలియం నింపుతారు. బెలూన్లలో ఉండేదే, ఒంటికి హాని చెయ్యదు. నిద్రపోయే బిడ్డ ముక్కూ నోరూ కప్పేలా మాస్కు పెడితే, ఆ సంచిలోంచే ఊపిరి తీసి అందులోకే వదులుతుంది. పాలు ఎంత పల్చబడ్డాయో చూసి ఎన్ని నీళ్లు కలిశాయో చెప్పినట్టు, హీలియం ఎంత పల్చబడితే లోపల అంత చోటుందన్నమాట. చిక్కల్లా మాస్కు అంచుతోనే. వెంట్రుకంత సందు దొరికినా హీలియం జారుకుంటుంది. పోయిందంతా బిడ్డ లోపలికే వెళ్లిందనుకుని మిషన్ పెద్ద అంకె చూపిస్తుంది. అందుకే అక్క పిండిముద్దలా సాగే మెత్తటి పుట్టీని పిసికి, తాడులా చేసి, మాస్కు చుట్టూ అద్దుతుంది.

ఆ మధ్యాహ్నం పాలు తాగి పడుకున్న పాప రెండు నెలలు ముందే పుట్టేసింది. యాభై రోజులుగా ముక్కులో ఆక్సిజన్ గొట్టం. వారం కిందట కొలిస్తే ఇరవై ఎనిమిది మిల్లీలీటర్లు వచ్చింది. మిగతావన్నీ బాగున్నాయి, ఇది నలభై దాటితే గొట్టం తీసేసి ఇంటికి పంపిస్తానని పెద్ద డాక్టరమ్మ మాటిచ్చింది.

నలభై మూడు. నలభై రెండు. మళ్లీ నలభై మూడు. మూడూ దగ్గర దగ్గరగా వస్తే కొలత సరైనదనే లెక్క. తల్లి ఆనందం పట్టలేక భర్తకు ఫోను చేసింది. "బండి తీసుకురండి. పాప ఇంటికొచ్చేస్తోంది!"

నేనూ నవ్వుతూ అక్క వైపు తిరిగాను. ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేదు. మాస్కు నుంచి ఊడదీసిన పుట్టీని వెలుతురుకు పట్టుకుని చూస్తోంది. పాప బుగ్గ అచ్చు నున్నగా పడింది, ఒక్కచోట తప్ప. అక్కడ సన్నటి గాడి ఉంది.

"గొట్టం అంటించిన టేపు," అంది. "పీకితే లేస్తుందని బుగ్గ మీదే వదిలేశానే. మాస్కు అంచు దాని మీద పడింది."

"మూడూ ఒకేలా వచ్చాయి కదక్కా?"

"సందు కూడా మూడుసార్లూ అక్కడే ఉంది కదే!"

సిగ్గు విడిచి చెబుతున్నాను, "ఎవరికి తెలుస్తుందిలే అక్కా" అన్నాను. డాక్టరమ్మ నోరంటే నాకూ భయమే. అక్క నా వైపు చూడనైనా చూడలేదు. ఆ పుట్టీ పట్టుకుని డాక్టరమ్మ గదిలోకి వెళ్లింది.

"అంకె తప్పమ్మా. తప్పు నాది."

"ఇరవై రెండేళ్లు చేసి, టేపు ముక్క చూసుకోలేదా?" అని మొదలుపెట్టి డాక్టరమ్మ ఆమెను కడిగిపారేసింది. గొట్టం మాత్రం తియ్యలేదు.

"బాగా వచ్చిందన్నారుగా! మళ్లీ దేనికి?" అని తల్లి అడ్డం పడింది. మళ్లీ కొలవడానికి గొట్టం పక్కకు తీసి, అక్క నూనెలో ముంచిన దూదితో టేపు తడిపి ఊడదీసింది. పాప లేచింది. రెండుసార్లు ఏడ్చింది. మూడో ఏడుపు సగంలో ఆగిపోయింది. నోరు తెరిచే ఉంది, శబ్దం లేదు, పెదాలు నీలంగా మారుతున్నాయి. గొట్టం ఎలా పెట్టానో నాకే తెలియదు. కాసేపటికి రంగు తిరిగింది. గంట తర్వాత నిద్రపోయాక కొలిస్తే ముప్ఫై, ముప్ఫై ఒకటి, ముప్ఫై.

తల్లి మళ్లీ ఫోను చేసి, రావద్దని చెప్పింది. ఆ రోజు నుంచి అక్కతో ఒక్క మాట కూడా ఆడలేదు. అక్క లోపలికొస్తే వరండాలోకి వెళ్లిపోయేది.

"తిట్టినా బాగుండునే," అనేది అక్క.

పంతొమ్మిదో రోజున మళ్లీ కొలత. అక్క దూది అందుకోబోయేసరికి తల్లి ముందే తీసుకుంది. తనే నూనె అద్ది, తనే టేపు ఊడదీసింది. పాప లేచి కెవ్వుమంది. అక్క మంచం పట్టీ గట్టిగా పట్టుకుంది. నేను గొట్టం తీసి, అవసరమైతే వెంటనే పెట్టేందుకు చేతిలో పట్టుకుని నిలబడ్డాను. ఏడుపు ఆగలేదు. ముఖం ఎర్రబడింది, పెదాలూ ఎర్రగానే ఉన్నాయి. పక్క వార్డు ఆయా వచ్చి తొంగిచూసింది.

తల్లి పాప వీపు మీద చెయ్యి వేసి, అక్క ముఖంలోకి చూసింది.

"ఊరుకోబెట్టనా?"

"వద్దమ్మా," అంది అక్క. కళ్లు తుడుచుకోవడం కూడా మరిచిపోయింది. "ఇంకాసేపు ఏడవనీ."