గంగవాయిలి మీద వచ్చిన మెమో

రిటైరవడానికి రెండేళ్ల ముందు, వానాకాలంలో, నన్ను దంతెవాడ వైపు ఓ గని కంపెనీ గెస్ట్‌హౌస్‌కు క్యాటరింగ్ సూపర్‌వైజరుగా వేశారు. నాపైన ఒక డిప్యూటీ మేనేజరు. ఫ్రిజ్ తెరిచి చూసి, మూయకుండా వెళ్లిపోవడం ఆయన తనిఖీ పద్ధతి.

ఢిల్లీ నుంచి డైరెక్టరు వస్తున్నారని, మధ్యాహ్న భోజనంలో లెట్యూస్ సలాడ్ ఉండి తీరాలని ఆయన ఆదేశించారు. రాయపూర్ నుంచి ఐస్ పెట్టెలో లెట్యూస్ వచ్చింది. పచ్చిగా తినే ఆకుకు మా వృత్తిలో ఒక క్రమం ఉంది. నలిగిన ఆకులు ఏరేసి, కడగకుండా పొడిబట్టలో చుట్టి, ఫ్రిజ్ కింది అరలో పెట్టాలి. దగ్గర్లో అరటి, ఆపిల్ ఉంటే ఆకు మచ్చపడుతుంది. కడగడం వడ్డించే పూటే. నేను అలాగే పెట్టి ఇంటికెళ్లాను. సాయంత్రం డిప్యూటీగారు వచ్చి, ఇంకా తాజాగా ఉంటుందని దాన్ని కడిగించి డీప్ ఫ్రీజర్‌లోకి మార్పించారు. పొద్దున తీసేసరికి గాజు ముక్కలా ఉంది. పది గంటలకల్లా నానిన కాగితంలా మెత్తబడింది. ఆయన ఫ్రీజర్‌ను తప్పుపట్టి, తర్వాత నన్ను తప్పుపట్టి, సలాడ్ లేకపోతే నన్ను మళ్లీ బదిలీ చేయిస్తానన్నారు.

ఆ రోజు సంత. తెలంగాణ నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడి కూరలమ్మే లచ్చమ్మ దగ్గర గంగవాయిలి కూర కనిపించింది. కాడ విరిచాను, టప్పున విరిగింది. నమిలితే కరకరలాడింది.

"పొద్దుగాల కోసిన సారూ, పులుపు జాస్తి ఉంటది. మాపటికైతే తగ్గుతది," అంది.

లేత కొసలు గిల్లి, మట్టి పోయేదాకా మూడు నీళ్లలో కడిగి, బట్ట మీద ఆరబెట్టాను. ముందే ఉప్పు తగిలితే ఆకు వాడిపోతుంది కాబట్టి దోసకాయ ముక్కలతో కలిపి, ఉప్పూ నిమ్మరసం వడ్డించే ముందు వేశాను.

డైరెక్టరు రెండుసార్లు వడ్డించుకున్నారు. రాయపూర్ నుంచి ప్రత్యేకంగా తెప్పించామని డిప్యూటీగారు వినయంగా చెప్పారు. ఈ ఆకు పేరేమిటని డైరెక్టరు నన్నడిగారు. గంగవాయిలి అని, ఇక్కడి పొలంగట్ల మీద దానంతటదే మొలుస్తుందని చెప్పాను. ఆయన ఫోర్కు కింద పెట్టి, పక్కనున్న కంపెనీ డాక్టరును బీపీ చూడమన్నారు. అదే సలాడ్ తింటున్న డాక్టరు మూతి తుడుచుకుని చూశాడు. మామూలుగానే ఉంది.

మూడో రోజు మెమో వచ్చింది. ఆమోదిత జాబితాలో లేని కలుపు మొక్కను ఉన్నతాధికారికి వడ్డించినందుకు సంజాయిషీ ఇవ్వాలట. జవాబులో డీప్ ఫ్రీజర్ సంగతీ రాశాను. ఆ వాక్యం పక్కన ఎవరో పెన్సిల్‌తో 'అప్రస్తుతం' అని రాశారు. హెచ్చరిక నా సర్వీసు రికార్డులోకి ఎక్కింది.

తర్వాతి సంతలో లచ్చమ్మకు జరిగింది చెప్పాను. ఆమె ఆకు మీద నీళ్లు చల్లడం ఆపలేదు.

"రెండుమార్లు తిన్నంక బీపీ ఏంది సారూ? కడుపు ఒప్పుకుంది గద," అంది.

అప్పటినుంచి గంగవాయిలి పెట్టినప్పుడల్లా గిన్నె ముందు పేరు రాసిన చీటీ ఉంచేవాణ్ణి. నేను రిటైరయ్యేదాకా ఏ అధికారీ దాన్ని ముట్టలేదు. గిన్నె నిండుగా వంటగదికి తిరిగొస్తే మేమే తినేవాళ్లం. ఆకు మంచిదో కాదో వేళ్లకూ నాలుకకూ తెలుస్తుంది. పై హోదాలో ఉన్నవాళ్లు మాత్రం దాన్ని చెవులతో తింటారని ఆ ఉద్యోగంలో నేర్చుకున్నాను.